ఈగ పక్కలకు చిల్లులు చూసింది నేను

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మట్టెవాడలో మన తేనె దుకాణానికి కాలేజీ సార్ ఒకాయన వచ్చాడు. తేనెలో పడ్డ తేనెటీగను బాపు పైకి తీసి, తల సంగతి వదిలేసి పొట్ట పక్కలు తుడిచాడు.

"ఈగ మూతితోని ఊపిరి తీయది సార్. పక్కలకు చిల్లులుంటయ్. పెద్దీగ పొట్ట నిమ్మలంగ ఆడుతది, చిన్నీగది గబగబ. చిల్లులు రెండింటికీ ఒక్కతీరే. మా పెద్దోడు కనిపెట్టిండు."

కనిపెట్టింది నేను! బడి మానేసిన ఏడాది, రెండు రకాల ఈగల్నీ పట్టి చూసి నీకు చెప్పాను. నువ్వు బాపుకు చెప్పి మెప్పంతా కొట్టేశావు.

"గంతే కదరా?" అని నన్నడుగుతూ బాపు గోడ మీది నీ ఫోటో వైపు చూశాడు.

"అవ్ బాపూ, అన్ననే చూసిండు" అన్నాను.

నువ్వే ఎదురుగా ఉంటే ఇవాళ కొట్లాడేవాణ్ణి.