వెళ్లేవాళ్ల మాట

కొరియన్ టీచర్ గారికి నమస్కారం.

మా చెల్లి క్లాసుకెందుకు రావడం లేదని మీరు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేకపోయాను, అందుకే రాస్తున్నాను. పోయిన మంగళవారం అది ఆస్పత్రిలో చనిపోయింది. హాజరు పట్టీలో పేరు కొట్టేయండి.

నేను బట్టలు కుడతాను. అది మిషను పక్కన కూర్చుని నాతో కూడా పాఠం వల్లె వేయించేది. వెళ్లేవాళ్లు ఉండేవాళ్లతో ‘అన్న్యోంగి గేసెయో’ అనాలట, క్షేమంగా ఉండండని. ఉండేవాళ్లేమో ‘అన్న్యోంగి గాసెయో’ అనాలట, క్షేమంగా వెళ్లండని. అది ఎప్పుడూ ఈ రెంటినీ తారుమారు చేసేది. “నీ బుర్రలో గుజ్జుందా?” అని తిట్టేదాన్ని.

సోమవారం సాయంత్రం నేను ఆస్పత్రి నుంచి ఇంటికి బయల్దేరుతుంటే, మంచం మీదే లేచి కూర్చుని, మీరు నేర్పినట్టు తల వంచి, “అన్న్యోంగి గేసెయో” అంది.

“మళ్లీ తప్పే! వెళ్లేది నేను కదే, నువ్వు గాసెయో అనాలి” అని కసిరాను.

“లేదక్కా, ఈసారి కరెక్టే” అంది. నేను నవ్వేసి వచ్చేశాను.

మన భాషలో వెళ్లేవాళ్లు ‘వెళ్లొస్తాను’ అంటారు. కొరియన్‌లో అలాంటి మాట ఉందా టీచర్ గారూ? ఉంటే ఎన్నో పాఠంలో వస్తుంది? మా చెల్లి నాలుగో పాఠం దాటలేదు.

మీ విద్యార్థిని వాళ్లక్క