పన్నెండు టిక్కులు

రేపల్లె,
మంగళవారం మధ్యాహ్నం.

కమలకు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ నేనూ, మన వినయ్ కుమారూ క్షేమం. బాపట్లలో నువ్వూ, కరుణశ్రీ, పసిపిల్లా, అల్లుడుగారూ అంతా క్షేమమని నమ్ముతున్నాను. ఈ మాట ఎప్పుడూ చేతి అలవాటుగా రాసేసేవాణ్ణి. ఇవాళ మాత్రం రెండుసార్లు ఆలోచించి రాశాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, పొద్దున ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీ తిన్నాం. కాబట్టి క్షేమమే. ముందు అది నమ్మి, తర్వాత చదువు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేంటండీ మాస్టారూ అని పోస్టాఫీసులో నవ్వుతున్నారు. నవ్వనీ. ఫోనులో మాట్లాడుకుంటే వినయ్ సగం విని మిగతా సగం భయంతో అల్లుకుంటాడన్న సంగతి వాళ్లకేం తెలుసు? పిల్లకి అచ్చం నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, ఆడపిల్ల! స్నానం చేయించేటప్పుడు కాస్త దిద్దుతూ ఉండు.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను. తిండి బానే తింటున్నాడు, కాకపోతే చేపల పులుసు నేను పెడితే నీళ్లలా ఉంటోందని మొహం మీదే చెప్పాడు. రాత్రి మాత్ర నా ఎదురుగానే వేసుకుంటున్నాడు, నాలుక ఎత్తి చూపిస్తున్నాడు. విజిల్ ఊదుతున్నానా అని అడిగావు. నీ మీద ఒట్టు, నువ్వు వెళ్లినప్పటి నుంచి ఆ విజిల్ బీరువాలోంచి తియ్యలేదు. అరిచానా అంటే అరిచాను. ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాడి గొంతు నెల రోజుల్లో మెత్తబడుతుందా?

పాప బాప్తిస్మానికి వినయ్‌ని తీసుకొస్తారా అని వియ్యపురాలు అడిగిందన్నావు. ఆవిడ ఎందుకడిగిందో నాకు తెలుసు. తొలి పురుడు మన ఇంట్లో జరగాల్సింది. "ఇంట్లో అలాంటి తమ్ముడు ఉండగా ఎలాగండీ" అని ఆవిడ నసిగితే, నువ్వే పెట్టె సర్దుకుని కూతురింటికి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు బస్టాండులో నీ చేతిలో చెయ్యి వేసి, వాడి తెనాలి సాధన ఒక్కరోజు కూడా మాననివ్వనని మాటిచ్చాను. ఆ మాట దగ్గరే అంతా వచ్చిపడింది.

"వాడికి తెనాలి వాళ్లు వేసే మార్కులు అంతలా పెరిగాయా, నిజమేనా అండీ" అని చివర్లో అడిగావు. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. కాస్త ఓపిక పట్టి చదువు.

తెనాలి డాక్టరమ్మ మొదటి రోజు చెప్పింది గుర్తుందా? స్కిజోఫ్రీనియాకి మాత్రలు వాడికి వినపడే ఆ గొంతుల్ని అణిచి పెడతాయి గానీ, చెదిరిపోయిన జ్ఞాపకం, ధ్యాస వాటంతట అవి తిరిగి రావు, వాటికి సాధన కావాలి అంది. ముందు ఒళ్లు చెమట పట్టేదాకా వ్యాయామం, వెంటనే ఫోనులో బుర్రకి పని పెట్టే ఆటలు, వారానికి మూడు రోజులు, అంతా ఇంటి దగ్గరే. చేతి వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెనాలికి పంపుతుంది. అక్కడ ప్రశాంతి అనే అమ్మాయి చూసుకుంటుంది. మొదటి మూడు వారాలు వీడియోలో దగ్గరుండి చేయించింది కదా. రెండో వారంలో వినయ్ అంగడికెళ్లి కందిపప్పు, సబ్బు, అగ్గిపెట్టె మూడూ చీటీ లేకుండా తెచ్చాడు. నువ్వు గుమ్మంలో నిలబడి ఏడ్చావు. అది నిజం కమలా. అక్కడి దాకా అంతా నిజమే.

నువ్వు వెళ్లాక, నాలుగో వారం నుంచి ఎవరికి వాళ్లే చెయ్యాలి. బుధవారం పొద్దున వాడు వాచీ తీసి బియ్యం డబ్బాలో పూడ్చేశాడు. "ఇది నేను ఏమనుకుంటున్నానో తెనాలికి చెప్పేస్తోంది నాన్నా" అన్నాడు. ఫోను మీద తువ్వాలు కప్పేశాడు. నేను నచ్చచెప్పాను, బతిమాలాను, తర్వాత అరిచాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ప్రశాంతికి ఫోను చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. మన బళ్లో పది రోజులు వరసగా రాకపోతే పేరు రిజిస్టరులోంచి కొట్టేసేవాళ్లం. ఇక్కడా అంతే అనుకున్నాను. ఎన్ని నెలలు తిరిగితే వచ్చిన చోటు అది! పోతే నీ మొహం ఎలా చూడను? బియ్యంలోంచి వాచీ తీశాను, దులిపాను, నా చేతికి పెట్టుకున్నాను.

అవును. ఆ మార్కులు నావి.

గోడ మీది చర్చి క్యాలెండరులో ఆ రోజు తేదీ మీద టిక్కు పెట్టి గ్రౌండుకి పోయేవాణ్ణి. వాచీలో దాని సిమ్ము దానికే ఉంది, ఫోను ఇంట్లోనే వదిలేసేవాణ్ణి. వచ్చాక వంటింట్లో కూర్చుని ఆటలు ఆడేవాణ్ణి. ఏ చప్పుడు ముందు వచ్చింది, ఈ మొహం కోపంగా ఉందా భయంగా ఉందా, అన్నీ నేనే. ప్రశాంతి ఫోను చేస్తే "స్నానం చేస్తున్నాడమ్మా" అనేవాణ్ణి. సర్వీసు మొత్తంలో రాని పిల్లాడికి హాజరు వేసి ఎరగను. హెడ్‌మాస్టారు అడిగినా వెయ్యలేదు. అలాంటివాణ్ణి కన్నకొడుకు పేరున పదకొండుసార్లు దొంగ హాజరు వేశాను. థూ, నా బతుకు!

ఇక్కడితో ఆగితే బాగుండేది. అసలు తప్పు ఇది కాదు.

ఆ ఫోను వాడి పేరు మీద ఉంది కదా. "శభాష్ వినయ్ కుమార్, ఈరోజు మీరు నాలుగు వేల అడుగులు నడిచారు" అని మాటలు వచ్చేవి. వాడు తువ్వాలు కొంచెం ఎత్తి చూసేవాడట. నేను నడవడం మొదలెట్టిన రెండో వారం నా దగ్గరికొచ్చి అడిగాడు. "నాన్నా, నేను నడవలేదు కదా? నా పేరుతో ఎవరు నడుస్తున్నారు?"

అప్పుడైనా చెప్పాలి కదా నేను? "ఎవరూ లేర్రా, నువ్వే నడిచావు, మర్చిపోయావు" అన్నాను. మళ్లీ అడిగితే, "అది నీ జబ్బురా, డాక్టరమ్మ చెప్పింది గుర్తులేదా" అన్నాను. వాడు నా మొహంలోకి చాలాసేపు చూసి, "అంతేనా" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వాడికి నిద్ర లేదు. నాలో నుంచి ఎవరో లేచి తిరుగుతున్నారు అనేవాడు. పడుకునేటప్పుడు కాళ్లకి నీ పాత చీర కట్టుకునేవాడు, లేచేసరికి ముడి ఊడిందా లేదా చూసుకునేవాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇంకో వారం ఆగితే వాడే దారికొస్తాడు, వాచీ వాడి చేతికి పెట్టేస్తాను, ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది అనుకున్నాను.

పోయిన గురువారం డాక్టరమ్మే ఫోను చేసింది. "మాస్టారూ, వినయ్ చాలా బాగా చేస్తున్నాడు. పగలు మత్తుగా ఉంటోందన్నాడు కదా, బుధవారం తీసుకురండి, రాత్రి మాత్ర సగానికి తగ్గిద్దాం" అంది. ఇక్కడ వాడు కాళ్లు కట్టుకుని పడుకుంటున్నాడు, అక్కడ నా గుండెని చూసి వాడి మాత్ర తగ్గిస్తామంటున్నారు! అయినా "సరేనండి" అన్నాను. కమలా, నువ్వు నన్ను తిట్టాల్సింది ఈ "సరేనండి"కి.

నిన్న సోమవారం. పొద్దున్నే టిక్కు పెట్టి గ్రౌండుకి పోయాను. మార్కులు పెరిగాయని గుండె వేగం లెక్క కూడా పెంచారు. అది ఇరవయ్యేడేళ్ల కుర్రాడికి పెట్టిన లెక్క, నాకు అరవై ఒకటి. మూడో రౌండులో ఛాతీ బిగుసుకుపోయింది. గోలుపోస్టు పట్టుకుని కూర్చున్నాను, తర్వాత కూర్చోలేకపోయాను. చుట్టూ నరపురుగు లేదు. నువ్వే గుర్తొచ్చావు. ఆపైన, ఈ వాచీ ఇలాగే ఆగిపోతే వాడు తను చచ్చిపోయాననుకుంటాడేమోనన్న ఆలోచన వచ్చింది. దేవుడా, అది మాత్రం వద్దని ప్రార్థన చేశాను.

ఇంట్లో జరిగింది ప్రశాంతి తర్వాత చెప్పింది. తెనాలిలో ఆ పిల్ల కంప్యూటరులో గుండె నూట డెబ్బై దాటిందట. వెంటనే వినయ్ ఫోనుకి చేసింది. నాలుగు వారాలుగా ఆ ఫోను ముట్టనివాడు, ఎందుకో, తీశాడు.

"వినయ్ గారూ, ఆపేసి కూర్చోండి. మీ గుండె చాలా వేగంగా ఉంది."

"అది నా గుండె కాదండి."

ఆ పిల్ల జబ్బు తిరగబెట్టిందనే అనుకుంది. "సరేనండి, మీకలా అనిపిస్తోందా?" అని మెల్లిగా అడిగింది.

"అనిపించడం కాదండి. నా చేతికి వాచీ లేదు. మీరు చూస్తున్నది మా నాన్న గుండె."

ఎవరు నమ్ముతారు కమలా, ఆ మాట? జబ్బు మనిషి మాటలు సరిగ్గా అలాగే ఉంటాయి. నమ్మరని వాడికీ తెలుసు. కెమెరా అంటే వణికిపోయేవాడు, వీడియో పెట్టి, రెండు చేతులూ చొక్కా పైకి లాగి చూపించాడట. "చూడండి, లేదు. ఇప్పుడైనా మా నాన్నకి ఏమైందో చెప్పండి" అన్నాడట. ఆ పిల్ల వాచీ ఎక్కడుందో కంప్యూటరులో చూసి, "గ్రౌండు... పరిగెత్తండి" అందట.

చెప్పుల్లేకుండా వచ్చాడు. రొప్పుతున్నాడు. నా తల ఒళ్లో పెట్టుకుని, ముందు ఆ వాచీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆటో పిలిచాడు, ఆసుపత్రిలో నా పేరు, వయసు, బీపీ మాత్ర పేరు తడబడకుండా చెప్పాడు. గండం గడిచింది, రేపు తెనాలిలో నా గుండె కూడా చూపించుకోమన్నారు. నీకు ఫోను చెయ్యలేదని కోప్పడకు. చేస్తే పచ్చి బాలింతని వదిలేసి పరిగెత్తుకొస్తావు.

ఇంటికొచ్చాక వాడి ముందు కూర్చుని చెప్పాను. "నడిచింది నేనేరా. నీ పేరుతో తిరిగింది నేనే. అది నీ జబ్బు కాదు, నువ్వడిగింది నిజం."

"తెలుసు నాన్నా" అన్నాడు. "శుక్రవారం నీ చెప్పులకి గ్రౌండు మట్టి చూశాను. కానీ నువ్వు జబ్బు అన్నావు కదా. మట్టి కనబడటం కూడా జబ్బేమో అనుకున్నాను."

కమలా, నేను ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. వాడి గొంతుల్ని వాడికి దేవుడు పెట్టాడో, రక్తం పెట్టిందో నాకు తెలియదు. ఇది మాత్రం నేను పెట్టాను. కళ్లారా చూసినదాన్ని కూడా నమ్మలేకుండా చేశాను.

ప్రశాంతికి కూడా ఫోనులో అంతా ఒప్పుకున్నాను. ఆ పిల్ల చివరిదాకా వింది. తర్వాత, "పేరు తీసేస్తారని మీకెవరు చెప్పారండి? మధ్యలో మానేసినవాళ్లని మేమే వెతుక్కుంటూ వస్తాం కదా" అంది. ఎవరు చెప్పారని చెప్పను? నా బడి రిజిస్టరు చెప్పింది.

రేపు బుధవారం, పొద్దున ప్యాసింజరుకి తెనాలి వెళ్తున్నాం. మాత్ర తగ్గించకుండా అడ్డం పడాలి. డాక్టరమ్మ ఏమంటుందో తెలియదు, నా మీద అరిచినా పడతాను. ప్రశాంతి ముందే చెప్పేస్తానంటే వినయ్ ఒప్పుకోలేదు. "నేను చెప్తే జబ్బంటారు, ఆవిడ చెప్తే పొరపాటంటారు. నువ్వే చెప్పాలి నాన్నా, నా ఎదురుగా" అన్నాడు. చెప్తాను. ఆ మాట అప్పుడు తప్పించుకుంటే ఇక వాడు నన్నెప్పుడూ నాన్నా అని పిలవక్కర్లేదు.

బాప్తిస్మం సంగతి అడిగాను. ఇప్పుడు రానన్నాడు, అక్క కూతుర్ని చూడాలని మాత్రం ఉందన్నాడు. వియ్యపురాలికి అంతే చెప్పు. ఈ ఉత్తరంలో ఉన్నదంతా కరుణశ్రీకి చదివి వినిపించు, నన్ను కాపాడుతూ ఏదీ దాచకు. నేను వాడికి చదివి వినిపించాకే పోస్టు చేస్తున్నాను.

ఇందాక భోంచేశాక క్యాలెండరు తీసి కింద పరిచాను. ఎర్ర పెన్నుతో దొంగ టిక్కులు కొట్టేస్తుంటే వాడు పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. ఒక్కొక్క దాని మీదా గీత గీసి, పక్కన "రాలేదు" అని రాశాను. పదకొండు అయ్యాయి. పన్నెండోది నిన్నటిది, దాని మీద పెన్ను పెట్టాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది ఉంచు నాన్నా. నిన్న నేను పరిగెత్తాను."

ఇట్లు,
వినయ్ నాన్న.