ఎనిమిదో కోర్

మంగళవారం, అవనిగడ్డ

నేను రాసుకున్న పడవ ఆట ఇన్నాళ్లూ నత్తనడక నడిచింది. కంప్యూటర్ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లు ఎనిమిదుంటే భారమంతా ఒక్కటే మోసేది. మిగతా ఏడూ గట్టు మీద కూర్చుని చూసేవి. ఈరోజు ఆ పనిని పంచాను. ఏడుగురు ప్రయాణికులకు తలో కోర్, పడవ నడిపే పెదనాన్నకు ఎనిమిదోది. పోయినేడాది చనిపోయిన మా పెదనాన్నే. "ఇంకెవరన్నా ఉన్నారా" అని మూడుసార్లు కేకేయనిదే ఆయన రేవు వదిలేవారు కాదు. ఆ అలవాటునీ ఆటలో పెట్టాను.

సాయంత్రం ఆట హాయిగా పరుగెత్తింది. మూసేశాను. ఏ కోర్ ఎంత పనిచేస్తోందో తెర మీద చూపే గీతల్లో ఏడు అడుక్కి దిగిపోయాయి. ఎనిమిదోది పైనే నిలిచింది.

ఎనిమిది మంది ఎక్కేదాకా ఆగమని పొరపాటున రాసుంటాననుకున్నాను. కోడ్ తెరిచి చూస్తే ఏడు అనే ఉంది.

అమ్మకి చెప్పాను. "ఎవరన్నా వస్తానంటే మీ పెదనాన్న పడవ తియ్యరు కదే. నువ్వు గానీ వస్తానన్నావా?" అంది.

అన్నాను. ఆసుపత్రి నుంచి ఆయన ఫోన్ చేసినప్పుడు, ఆదివారం వస్తానన్నాను. వెళ్లలేదు.

కంప్యూటర్ ఆపేయాలి. చేతులు రావడం లేదు.