బటన్ మీద చెయ్యి

శనివారం సాయంత్రం

మా ఇంటి యజమానురాలికి,

నీ మొగుడు క్షేమం. ఫోను ఎత్తడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. ఫోను నా దగ్గర లేదు, కంపెనీ బీరువాలో ఉంది. కొత్త మార్కెట్ మొదలయ్యే వారం లోపలి మనుషులు కంపెనీ గెస్టుహౌసులోనే ఉండాలి, బయటికి ఫోన్ చేయకూడదు. ధరల సంగతులు పొక్కుతాయని భయం. ఏదైనా చెప్పాలంటే కాయితం మీద రాసి, కవరు అంటించకుండా డబ్బాలో వెయ్యాలి. నిఘా చూసే అమ్మాయి చదివి, ఫరవాలేదనుకుంటే డ్రైవర్ చేత పంపుతుంది. అంటే నీకంటే ముందు ఈ ఉత్తరం ఆ అమ్మాయి చదువుతుంది. చదువుతున్నావా అమ్మా? కళ్ళజోడు తుడుచుకో, నా రాత కోడి కెలికినట్టుంటుంది.

మీ ఆయన ఏం ఉద్యోగం అని మీ చెల్లెలు అడిగితే నువ్వు నీళ్ళు నములుతావు కదా, ఇదిగో విను. మా కంపెనీ కంప్యూటర్లో సంతలు కట్టి ఇస్తుంది. కొనేవాడు ఒకచోట, అమ్మేవాడు ఇంకోచోట కూర్చుంటే మధ్యలో యంత్రం బేరం కుదురుస్తుంది. సోమవారం మొదలయ్యేది పత్తి సంత. ధర పిచ్చెక్కినట్టు పరిగెత్తితే అంతా ఆపేయడానికి ఒక ఎర్ర బటన్ ఉంది. నిఘా అమ్మాయి తెర చూసి "ఆపండి" అంటుంది, పక్కన కూర్చున్నవాడు నొక్కుతాడు. ఆ నొక్కేవాడికి గానీ, వాడి ఇంట్లోవాళ్ళకి గానీ కొని అమ్ముకునే ఖాతా ఉండకూడదు. ఇంత పెద్ద ఆఫీసులో అలాంటివాడి కోసం వెతికితే, కరెంటు పని చూసుకునే నేను దొరికాను. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని సంతకం పెట్టి కుర్చీ ఎక్కాను. మేనేజరు కూడా నన్ను చూసి లేచి నిలబడుతున్నాడు. బహుశా ఆ కుర్చీ ఆయనకి కావాలేమో.

ఇక్కడిదాకా సరదాగానే రాశాను. ఇక రాయడం కష్టంగా ఉంది.

ఇవాళ రిహార్సల్. బేరాలు ఉత్తుత్తివే గానీ ఖాతాదారుల పేర్లు మాత్రం నిజమైనవి. ధర పడిపోవడం మొదలైంది. తెర మీద ఎక్కువ కొన్నవాళ్ళ పేర్లు వచ్చాయి. అందులో నీ పేరుంది, మీ పుట్టింటి ఇంటిపేరుతో సహా. మీ తాత ఏరి కోరి పెట్టిన ఆ పేరు ప్రపంచంలో ఇంకొకరికి ఉండే ప్రమాదం లేదు. అప్పుడే ఆ అమ్మాయి "ఆపండి" అంది. నా చెయ్యి ఆగింది.

"బాబాయ్, నొక్కండి."

నొక్కాను, ఆలస్యంగా.

"ఏమైంది?"

"చెయ్యి చెమట పట్టిందమ్మా."

అబద్ధం. ఆపితే నీకు లాభమా, నష్టమా అని లెక్కేసుకుంటున్నాను. ఉత్తుత్తి ఆటలోనే అలా ఆలోచించిన చెయ్యి సోమవారం ఏం చేస్తుందో నాకే తెలియదు. అవతల ఎంతమంది రైతులు, ఎంతమంది మిల్లులవాళ్ళు దాని మీద ఆధారపడి ఉంటారో.

నువ్వు నాతో చెప్పకుండా ఈ ఖాతా ఎందుకు తెరిచావో అడగాలని ఉంది. ఇంతకాలం ఒకే కంచం దగ్గర కూర్చున్నాం కదే. నాకు దాచవలసింది ఏముంది?

ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే నా కుర్చీ పోతుంది, తప్పుడు సంతకం పెట్టానని ఉద్యోగమూ పోవచ్చు. చింపేస్తే ఎవరికీ తెలియదు. ఇందాకటి నుంచి డబ్బా చుట్టూ తిరుగుతున్నాను. వాచ్‌మన్ "ఏం పోగొట్టుకున్నారు?" అని అడిగాడు. ఇంకా ఏమీ పోలేదు, ఇప్పుడే పోబోతోంది అన్నాను.

వేసేస్తున్నాను.

నీ బటన్ మొగుడు


ఆదివారం

ఏమండీ,

ఉత్తరం అందింది. డ్రైవరు అబ్బాయి జవాబు పట్టుకెళ్ళాలని గుమ్మంలోనే నిలబడ్డాడు. అందుకని నాన్చకుండా ఉన్నమాట రాస్తున్నాను.

ఖాతా నాదే. కుట్టుపని డబ్బుతో తెరిచాను. బట్టల మధ్యే బతుకుతున్నదాన్ని, పత్తి ధర ఎటు పోతుందో చూసుకుంటూ కొంచెం కొంచెం కొనడం మొదలుపెట్టాను. కొత్త సంతలోనూ పేరు రాయించుకున్నాను. అది మీ కంపెనీ కట్టిందని నాకు తెలియదు. మీరు చెబితే కదా.

దాచానన్నారు. మీకెందుకు చెప్పలేదో నేను చెబుతాను. నా కుట్టు కొట్టుకి బోర్డు పెట్టిన రోజు గుర్తుందా? వచ్చినవాళ్ళందరి ముందూ "మా ఆవిడ జాకెట్ల కార్పొరేషన్ పెట్టింది, ఇక నన్ను ప్యూనుగా వేసుకుంటుంది" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ బోర్డు మీద రంగులు ఎంచుకోవడానికి ఎన్నాళ్ళు ఆలోచించానో ఎవరూ అడగలేదు. నేను ఏ మాట చెప్పబోయినా మీరు దాని మీద ఒక నవ్వు వేస్తారు. నా మాట ఆ నవ్వు కిందే ఉండిపోతుంది. ఈ ఒక్కటీ అలా కాకూడదనుకున్నాను.

ఇంకోటి. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని సంతకం పెట్టారు. మన ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఒకరు మీరు. రెండోవాళ్ళని అడిగారా?

మీ ఉద్యోగం పోతే కుట్టుమిషన్ ఉంది, భయపడకండి. ఖాతా మాత్రం మూసెయ్యను.

మీ ఆవిడ

ఈ ఉత్తరం చదివే అమ్మాయికి: నిన్న ఆయన తిన్నారా లేదా, కొంచెం చూడమ్మా.


సోమవారం, మార్కెట్ మూసిన తరువాత

నీకు,

శనివారం ఉత్తరం వేసిన కాసేపటికే నిఘా అమ్మాయి దాన్ని పట్టుకుని నా గదికి వచ్చింది. మేనేజరు ఆమె వెనకే ఉన్నాడు.

"బాబాయ్, ఇది పంపమంటారా?"

ఆయన కలగజేసుకున్నాడు. "ఇప్పుడు ఇంకో మనిషిని ఎక్కడ తెస్తాం? ఒక్కరోజు కూర్చోండి, చాలు. తరువాత చూసుకుందాం. ఉత్తరం ఇంకా బయటికి పోలేదు కదా."

అమ్మాయి ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది. ఆ చూపు నన్ను నిలబెట్టి తూకం వేస్తున్నట్టుంది.

"పంపమ్మా" అన్నాను. "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు."

మేనేజరు తలుపు గట్టిగా వేసి వెళ్ళాడు. అమ్మాయి మాత్రం కుర్చీలో కూర్చుని, "అన్నం తినండి" అంది. అప్పటికి నీ జవాబు ఇంకా రాలేదు. అందుకే నిన్న నీ చివరి వాక్యం చదివి ఆ పిల్ల, "శనివారమే తినిపించానని రాయండి బాబాయ్" అంది.

కుర్చీ కేంటీన్ వంటాయనకి ఇచ్చారు. ఈసారి సంతకం ఆయన ఒక్కడిచేత పెట్టించలేదు. అమ్మాయి నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ళింటికి స్వయంగా వెళ్ళి, ఆయన భార్యని కూర్చోబెట్టి అడిగి వచ్చింది. ఇక మీదట ఎవరికైనా అంతేనట.

ఇవాళ పొద్దున నేను ఆ బటన్ గది అద్దం బయట నిలబడ్డాను. మార్కెట్ మొదలయ్యే గంట మోగింది. మొదట్లో బాగానే ఉంది. తరువాత ధర జారింది. ఇంకా జారింది. తెర మీద అంకెలు ఎర్రగా మారుతున్నాయి, లోపల ఎవరూ కదలడం లేదు. నా కుడిచెయ్యి జేబులో దానంతటది బిగుసుకుంది. అమ్మాయి పెదాలు కదిలాయి. వంటాయన పాలు పొంగితే పొయ్యి కట్టేసినంత తేలిగ్గా నొక్కేశాడు. అంతా ఆగింది. ఎవడో పెద్ద వ్యాపారి మనిషి అమ్మకం లెక్కలో సున్నా ఒకటి ఎక్కువ కొట్టాడట. సరిచేసి మళ్ళీ తెరిచారు. వంటాయన చెయ్యి ఆగలేదు. ఆ చోట నేనుంటే ఆగేదే.

నా ఉద్యోగం పోలేదు. మళ్ళీ వైర్ల దగ్గరికి పంపారు. ఫోన్ల బీరువా తాళం కూడా ఇచ్చారు, తన గుట్టు తానే డబ్బాలో వేసుకున్నవాడు ఇంకెవరి గుట్టూ ఫోన్లో చెప్పడని కాబోలు.

పై మాట మీద ఇంకో జోకు రాసి కొట్టేశాను. నేను రాస్తుండగానే నిఘా అమ్మాయి వచ్చి ఇక్కడిదాకా చదివి, ఆ కొట్టేసిన చోట వేలు పెట్టి, "ఇదేంటి బాబాయ్?" అంది. "అలవాటమ్మా" అన్నాను.

బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలకి పసుపు అంచు ఎందుకు వేయించావో నేను అడగలేదు. పత్తి ఎందుకు కొన్నావో కూడా తెలియదు. బుధవారం ఇంటికి వస్తాను. రెండూ చెప్పు. నువ్వు చెప్పడం అయ్యేదాకా నోరు తెరవను. నవ్వు వస్తే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను, నువ్వు ఆపిన చోటి నుంచి మళ్ళీ చెబుదువు గాని.

నీ ఇంట్లో రెండోవాడు