పద్నాలుగో జాబితా

ప్రియమైన పిచ్చుకా,

ఈ ఉత్తరాన్ని కంప్యూటర్ టేపుల సంచిలో పెడుతున్నాను. శుక్రవారం వ్యాను హెడ్డాఫీసుకి వచ్చినప్పుడు మన ఆసుపత్రి టేపుల మధ్య వెతుక్కో. తపాలాలో వేస్తే నాలుగు రోజులు పడుతుంది, ఇలాగైతే ఒక్క పూట. నువ్వు అక్కడికి బదిలీ అయి రెండు నెలలైనా ఆ సంచికి కుట్టు ఊడిన మూల అలాగే ఉంది.

నీ కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇన్‌ఛార్జి గారు దాని మీద తన గొడుగు పెట్టుకుంటున్నారు.

హెడ్డాఫీసు సర్క్యులర్ వచ్చింది. మన రోగుల జాబితాల పద్ధతి మిగతా ఆసుపత్రులన్నిటికీ ఆదర్శమట. కింద నీ పేరు ఉంది. ఇన్‌ఛార్జి గారు దాన్ని గోడకి అంటించారు. టీ తెచ్చుకోవాలంటే రోజూ దాని ముందు నుంచే వెళ్లాలి. సంతోషించానని రాద్దామని కూర్చున్నాను. సంతోషించాను కూడా, మొదటి రోజు.

ఇంకో సంగతి. కంప్యూటర్లో చోటు చాలడం లేదని, పనికిరాని ఫైళ్లు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. పద్ధతి నీకు తెలిసిందే. ఏది తీసేయాలన్నా ముందు డీఎస్పీడీబీఆర్ అని కొట్టి ఆ ఫైలు పేరివ్వాలి, దాని మీద ఆధారపడిన ఫైళ్లన్నీ వరసగా వస్తాయి, ఆ కాగితం మీద ఇన్‌ఛార్జి సంతకం పెట్టించుకోవాలి. ఊరికే చూద్దామని నా రోగుల ఫైలు పేరిచ్చాను. పద్నాలుగు పేర్లు వచ్చాయి. పద్నాలుగూ నీ జాబితాలే. వార్డుల వరసలో ఒకటి, వయసు వరసలో ఒకటి, డాక్టర్ల వరసలో ఒకటి.

ఒక్క మాట అడుగుతాను. ఆ పద్నాలుగింటిలో దేనికైనా సొంతంగా ఒక్క రోగి ఉన్నాడా? అన్నీ నా ఫైలులో ఉన్నదాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూపించేవి కదా. పదకొండేళ్ల రిజిస్టర్లు, చెదలు తిన్నవి, నీళ్లు పడినవి, పంతొమ్మిది నెలలు కూర్చుని ఒక్కో పేరూ ఎక్కించింది నేను. అందుకే కదా నాకు చీమ అని పేరు పెట్టావు. మొహం బాగుందని అద్దానికి బహుమతి ఇచ్చినట్టుంది.

తప్పుగా అనుకోకు. మా ఇంట్లో కాగితం మీద తన పేరు తను చదువుకోగలిగింది నేనొక్కదాన్నే. అందుకే కాబోలు, కాగితాల మీద పేర్ల గురించి కాస్త ఎక్కువ ఆలోచిస్తాను.

అమ్మ నిన్నే అడుగుతోంది. ఆసుపత్రి లాండ్రీ నుంచి ఇంటికి రావడం రావడమే “పిచ్చుక రాసిందా?” అంటుంది. నా రోజు ఎలా గడిచిందని ఆ తర్వాత అడుగుతుంది, గుర్తొస్తే.

అక్కడ నీ జుట్టు సంగతేమిటి? హాస్టల్లోంచి తల పిచ్చుక గూడులా పెట్టుకుని బయల్దేరేదానివి, ఎనిమిదింటికి సెక్షన్లోకి వచ్చేసరికి నున్నగా జడ ఉండేది. దారిలో ఎక్కడ వేసుకునేదానివో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు.

నీ
చీమ

*

ప్రియమైన చీమా,

అద్దానికి బహుమతి అన్నది చదివి మూడుసార్లు నవ్వాను. నాలుగోసారి నవ్వు రాలేదు.

ఇక్కడ నా బల్ల మెట్ల కింద. పైఅధికారులు మెట్లెక్కినప్పుడల్లా నా నెత్తి మీద నడుస్తున్నట్టే ఉంటుంది. పక్క బల్ల అనలిస్టు అక్క నీ ఫైలు చూసి రోజూ ఒకటే మాట. “ఇన్ని వేల పేర్లు ఎవరెక్కించారమ్మా, వెతికి వెతికి విసుగొచ్చింది గానీ ఒక్క తప్పు దొరకలేదు.” తప్పు దొరకలేదని బాధపడే మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

నాకో పని చేసిపెట్టు. నీ ఫైలు మీద ఏమేం ఆధారపడి ఉన్నాయో చూపించే ఆ కాగితం కొత్తగా తీసి, ఇన్‌ఛార్జి గారి సంతకంతో వచ్చే శుక్రవారం సంచిలో పంపు. నెలాఖరుకి పైవాళ్ల సమావేశం ఉంది. ఎందుకని మాత్రం అడక్కు.

మీ అమ్మ ఎలా ఉంది? పిన్నీ అని పిలిచి ఎన్నాళ్లయిందో. పొద్దున కాగితం సరిగ్గా వస్తోందో లేదో కనుక్కో.

గూడు గూడులాగే ఉంది. ఇక్కడ దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు.

నీ
పిచ్చుక

*

పిచ్చుకకు,

నువ్వు కనుక్కోమన్నావని అమ్మని అడిగాను.

“పొద్దున కాగితం సరిగ్గా వస్తోందా అని అడగమంది నీ పిచ్చుక.”

అమ్మ మొహం వెలిగిపోయింది. “వస్తోందని రాయి.”

“ఏం కాగితం?”

“అది మా ఇద్దరి సంగతిలే.”

“నీకు చదవడం రాదు కదమ్మా. నీకు కాగితాలేమిటి?”

అమ్మ నవ్వు ఆగిపోయింది. “అవునే, రాదు” అని స్టవ్ వైపు తిరిగింది.

ఏమిటి పిచ్చుకా ఇది? నా ఫైలు మీద పద్నాలుగు కట్టుకున్నావు. సరిపోలేదా? మా అమ్మ మీద కూడా ఏదో కట్టుకున్నావా? ఇరవై రెండేళ్లుగా ఆవిడకీ నాకూ మధ్య ఒక్క రహస్యం లేదు. నీకు ఏడాదిన్నరలో ఎలా దొరికింది?

నువ్వడిగిన కాగితం జత చేశాను. లెక్కపెట్టుకో, పదమూడే ఉంటాయి. పద్నాలుగోదానికి నువ్వు పేరైనా పెట్టలేదు, ఉత్త అంకె. సెక్షన్లో ఎవరూ దాన్ని తెరవగా చూడలేదు. దాని మీద కమాండ్ కొట్టాను. ఆధారపడినవి ఏవీ లేవని వచ్చింది. కాగితం తీశాను, ఇన్‌ఛార్జి గారు సంతకం చేశారు, బుధవారం సాయంత్రం తీసేశాను. అంతా పద్ధతి ప్రకారమే.

ఒకటి గమనించాను. నా ఫైలుని తీసేయమంటే కంప్యూటర్ చస్తే ఒప్పుకోదు, దీని మీద ఇన్ని ఆధారపడి ఉన్నాయని మొండికేస్తుంది. నీది తీసేస్తుంటే ఎందుకని కూడా అడగలేదు.

మీ సమావేశంలో మిగిలిన పదమూడూ నీవేనని చెప్పుకో.

చీమ

*

చీమా,

ఇప్పుడే సంచి విప్పాను. ఇది శుక్రవారం మధ్యాహ్నం. సమావేశం సంగతి, నీ కోపం సంగతి తర్వాత. ఫోను చేస్తే నువ్వు వార్డులో ఉన్నావన్నారు. వ్యాను డ్రైవరు గారిని బతిమాలి ఈ ముక్క చేతికే ఇస్తున్నాను.

అందిన వెంటనే లాండ్రీకి వెళ్లు. పిన్ని దగ్గరికి. ఆవిడ ఏం చెప్పినా, ఏం చెప్పకపోయినా, ముందు ఆవిడ పక్కన నిలబడు.

తర్వాత నన్ను తిట్టు.

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

శనివారం పొద్దున తొమ్మిదింటికి నీ ముక్క అందింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లాను.

లాండ్రీలో తొట్లు చల్లగా ఉన్నాయి. మాసిన దుప్పట్లు కిటికీ ఎత్తున పోసి ఉన్నాయి, మూడు రోజులవి. అమ్మ వాటి ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. సూపర్‌వైజర్ గారు వార్డు ఆఫీసు ఇచ్చే మామూలు జాబితా ఆవిడ మొహం ముందు ఆడిస్తున్నారు.

“కాగితం రాలేదంటావేమిటమ్మా? ఇదేమిటి మరి? ఏ మంచానిది వేరే తొట్టిలో ఉడకబెట్టాలో ఇందులో రాసే ఉంది కదా. అక్కడ రోగుల కింద దుప్పట్లు లేవు, ఇక్కడ నువ్వు గుట్టలు పోసుకుని కూర్చున్నావు.”

“కలిపి ఉతికితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది బాబూ. అందుకని ఆపాను.”

“ఆపడం కాదు, చదవమంటున్నాను.”

“కళ్లు మసకలు బాబూ. మూడు రోజుల్నుంచి.”

అమ్మ అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. మసకలు లేవు, ఏమీ లేవు. అందరి ముందూ చదవడం రాదని చెప్పలేకపోయింది. సోమవారానికి గుట్ట తరగకపోతే వరండాలు ఊడ్చే పనికి మార్చేస్తానని ఆయన వెళ్లిపోయారు.

నేను ఆ జాబితా తీసుకుని ఒక్కో మంచం నంబరూ పైకి చదివాను. అమ్మ వేరు చేసింది. రెండు గంటలు పట్టింది. చివరి దుప్పటి తొట్టిలో పడ్డాక అమ్మ తన అన్నం గిన్నెల సంచిలోంచి పాత కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. మంచం నంబర్లు వరసగా, ఒకటి నుంచి. పేర్లు లేవు, మాటలు లేవు. కొన్ని నంబర్ల పక్కన నక్షత్రం గుర్తు.

“అంకెలు నాకొచ్చు కదే. చుక్క ఉంటే వేరే తొట్టి, లేకపోతే మామూలు తొట్టి. ఏడాదిన్నరగా ఒక్కటీ తప్పలేదు. ఆ పిల్లే చేసిపెట్టింది. పొద్దున ఆరింటికి ఆ మూల మిషన్లోంచి దానంతటదే వచ్చేది. బుధవారం దాకా వచ్చింది.”

“నన్ను అడగొచ్చు కదమ్మా.”

“అడిగాను. రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నావు. ఎన్నిసార్లు చదివిపెట్టనమ్మా అన్నావు. పని మీద ఉన్నావు, నిన్నేమనను? పక్క కుర్చీలో ఆ పిల్ల వింది.”

పిచ్చుకా, నేను పద్ధతి ప్రకారమే చేశానని రాశాను. అది సగం నిజం. ఆ కమాండ్ ఫైలు మీద ఆధారపడిన ఫైళ్లని మాత్రమే చూపిస్తుంది. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు వాడుకుంటుందో చూపించే కమాండ్ వేరే ఉంది. నాకు తెలుసు. కొట్టలేదు. లేవు అన్న మాట కావాలనుకున్నాను, అది రాగానే ఆపేశాను. గురువారం, శుక్రవారం, శనివారం, మూడు రోజులూ పొద్దున ఆరింటికి ఒక ఫైలు దొరక్క ప్రోగ్రాం ఆగిపోయిందని స్క్రీను మీద సందేశం ఉంది. నీ ప్రోగ్రాం అని చూసి, నువ్వే వచ్చి చూసుకో అనుకున్నాను.

ఆ జాబితా కోసం నువ్వు కంప్యూటర్లో రాసిన సూత్రం అలాగే భద్రంగా ఉంది. దాంతో పద్నాలుగోదాన్ని మళ్లీ తయారుచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆదివారం ఆరింటికి నేనే లాండ్రీ ప్రింటరు దగ్గర నిలబడ్డాను. కాగితం వచ్చింది. అమ్మ పని అమ్మకే ఉంది. కానీ ఒకటి జరిగింది. తయారుచేసినవారు అన్నచోట ఇప్పుడు నా పేరు పడింది. నీ పని మీద నా పేరు. నిన్ను దేనికి తిట్టానో అదే నేను చేశాను. దాన్నెలా మార్చాలో చెప్పు, మారుస్తాను.

ఇన్‌ఛార్జి గారికి అంతా చెప్పాను. గొడుగు తీసి పక్కన పెట్టి, నీ కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నారు. పద్నాలుగు ఉన్న కొత్త కాగితం జత చేశాను. మధ్యలో పద్నాలుగోది ఎందుకు లేకుండా పోయిందో వెనక రాసి సంతకం పెట్టాను. మీ సమావేశంలో రెండు వైపులా చూపించు.

అసూయ పోయిందని రాస్తే అబద్ధం. సర్క్యులర్ మీది నీ పేరు ఇప్పుడు కళ్లకి ఆనడం లేదు. మా అమ్మకి ఏం కావాలో నీకు తెలిసింది, పక్కనే ఉన్న నాకు తెలియలేదు. అందుకే మండుతోంది.

క్షమించమని అడగడానికి మొహం చెల్లక,
నీ
చీమ

*

ప్రియమైన చీమా,

కాగితం రెండు వైపులా చూపించాను. పైవాళ్లు వెనకవైపే ఎక్కువసేపు చదివారు. అనలిస్టు అక్క అంది, “వెతికితే దొరకని తప్పు ఆ అమ్మాయే రాసి పంపిందే.” కొత్త సర్క్యులర్ వేస్తున్నారు. అందులో నీ పేరు ముందు, నాది తర్వాత. ఇక్కడ నా పక్కన ఇంకో ఉద్యోగం ఖాళీగా ఉంది, దానికోసమే నేను ఆ కాగితం అడిగింది. జాబితాలన్నీ ఎవరి ఫైలు మీద నిలబడ్డాయో వాళ్లు కళ్లారా చూడాలని. నువ్వు చేసిన పనికి ఆ ఉద్యోగం ఆరు నెలలు ఆపారు. ఆ తర్వాత నీదే. ఏడుస్తావో నవ్వుతావో నీ ఇష్టం.

ఇప్పుడు నావంతు.

మొదటి సర్క్యులర్ వేసేటప్పుడు నన్ను అడిగారు, ఇంకెవరి పేరైనా రాయాలా అని. ఒక్క క్షణం ఆలోచించి వద్దన్నాను. మరిచిపోయి కాదు. నువ్వు రాసిన మొదటి ఉత్తరం ముక్కముక్కా నిజమే. అందుకే నాలుగోసారి నవ్వు రాలేదు.

ఎందుకలా చేశానంటే, నేను పెద్దమ్మ ఇంట్లో పెరిగానని నీకు తెలుసు. అక్కడ ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఎదురూ చూడలేదు. సాయంత్రం ఐదింటికి నువ్వు సెక్షన్లోంచి బయటికొస్తే పిన్ని లాండ్రీ గేటు దగ్గర తడి చేతులతో నిలబడి ఉండేది. నువ్వేమో “ఎందుకమ్మా రోజూ, నేను రాలేనా” అని విసుక్కునేదానివి. నేను వెనకాల నడుస్తూ చూసేదాన్ని. దీనికి అమ్మ ఉంది, పేరైనా నాకుండనీ అనుకున్నాను. అంత చిన్న బుద్ధి నాది. నువ్వు ఒక్క ఫైలు తీసేశావు. నేను పంతొమ్మిది నెలలు తీసేశాను.

పద్నాలుగోదానికి పేరు పెట్టకపోవడం కూడా కావాలనే. నీకు చెబితే వెంటనే ఇంకా బాగా చేసిచ్చేదానివి, పిన్నికి నాతో పనుండేది కాదు. ఆవిడ గురించి నీకు తెలియనిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలనిపించింది. దాన్ని అలా దాచకపోతే నీ చేతిలో పోయేది కాదు. మూడు రోజుల గుట్టలో సగం నాది.

తయారుచేసినవారి పేరు మార్చొద్దు. నీదే ఉండనీ. ఏడాదిన్నర ఆలస్యంగానైనా మీ అమ్మకి కాగితం ఇచ్చింది నువ్వేనని అక్కడ ఉండాలి.

కానీ ఒకటి నాకు వదిలెయ్యి. నా జడ గురించి అడిగావు కదా. కొత్తగా ప్రోగ్రాం పెట్టినప్పుడు కాగితం సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని వారం రోజులు ఆరింటికి లాండ్రీకి వెళ్లాను. ప్రింటరు కాగితం లాక్కునే లోపల పిన్ని నన్ను దుప్పట్ల మూట మీద కూర్చోబెట్టి చిక్కు తీసేది. వారం తర్వాత చూడాల్సిందేమీ లేదు. అయినా అక్కడున్నన్నాళ్లూ వెళ్లాను.

వచ్చే శనివారం వ్యానులో వస్తున్నాను. ఆదివారం ఆరింటికి లాండ్రీకి నేను వెళ్తాను, నువ్వు ఎనిమిదింటికి రా చాలు.

నీ
పిచ్చుక