అమ్మ మళ్లీ నీళ్లలో దిగింది

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ సమాధి దగ్గర ప్రార్థన ఉంటుందనుకున్నాను. పాస్టరు ప్రభాకర్ అన్న మాత్రం సంఘాన్నంతా డీసీఎం వ్యాను ఎక్కించి వనపర్తి నుంచి బీచుపల్లికి, కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లాడు.

తాగి తిరిగేవాడిని ఇంట్లో పెట్టుకుని, వాక్యం నేర్పి, నీ తర్వాత సంఘాన్ని చూసుకోమన్నావే, ఆ ప్రభాకర్ అన్నే. పెద్దలు నిన్ను పాస్టరుగా అభిషేకించి ఆర్డినేషన్ ఇవ్వలేదు కాబట్టి నువ్విచ్చిన బాప్తిస్మాలు చెల్లవంటున్నాడు. మళ్లీ తీసుకోనివాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వడట. నువ్వయితే ఇలాంటి మాట సంఘంలో పెట్టి, ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమని అడిగేవాడివి. ఆయన ఎవరినీ అడగలేదు.

ముందు తనే వేరే ఊరి పాస్టరు చేతుల మీద మళ్లీ బాప్తిస్మానికి మునిగి వచ్చాడు.

"అన్నా, మా నాయన నిన్ను ముంచింది ఈ నీళ్లలోనే గద?" అని అడిగాను.

"అప్పుడు తెల్వక మునిగిన చెల్లె," అన్నాడు, నా మొహం చూడకుండా.

ఒక్కొక్కరే దిగారు. చివరికి నా పక్కనున్న అమ్మ చెప్పులు విడిచింది. చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు గూడనా అమ్మా?"

"మీ నాయన పోయిండు బిడ్డా. నేను సచ్చేదాక ఈ మంది నడుమనే ఉండాలె. రేపు నన్ను బొంద పెట్టేది గూడ వీళ్లే."

చెయ్యి విడిపించుకుని వెళ్లింది. వణుకుతూ పైకి వస్తే పొడి చీర చుట్టాను.

ఈ ఆదివారం రొట్టె పళ్లెం నన్ను దాటి అమ్మకు వెళుతుంది. అయినా పక్కనే కూర్చుంటాను. నువ్విచ్చిన బాప్తిస్మంతో మన సంఘంలో మిగిలింది నేనొక్కదాన్నే, నాయనా.