చక్రం లేని మీటర్

జూలై 1999, మంగళవారం రాత్రి

మా ఎలక్ట్రానిక్ కరెంటు మీటర్ ఈ రోజు కూడా పాస్ కాలేదు. తప్పు మీటర్‌ది కాదు, ఫారానిది.

కరెంటు ఆఫీసు ఇన్‌స్పెక్టర్ గారు మంచాయనే. మాదాపూర్‌లో మా ఆఫీసు దాకా వచ్చి, స్టాప్‌వాచ్ పట్టుకుని గంటసేపు పరీక్ష చేశారు. ఎక్కడా తేడా రాలేదు. చివరికి ఫారం తీసి, "చక్రం ఎన్నిసార్లు తిరిగిందని రాయాలమ్మా?" అన్నారు.

"దీనికి చక్రం ఉండదండీ. ఈ ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలిగిందో అదే లెక్క" అన్నాను.

"నాకు సమజైంది. గని ఫారంల చక్రం అనే ఉంది. ఖాళీ పెట్టి పంపితే పైన వాపస్ చేస్తరు. నా నౌకరీకి ఎసరు పెట్టకమ్మా."

ఆయన వెళ్ళాక మా మేనేజర్ మూర్తిగారు తేలిగ్గా తేల్చేశారు. "ఓ ఉత్తుత్తి చక్రం పెట్టెయ్యండి. చిన్న మోటారు తిప్పుతుంది. రూల్ మారేదాకా ఆగితే మన కంపెనీ ఉండదు."

బిల్లు తగ్గాలని పాత మీటర్లలో ఫిల్మ్ ముక్క దూర్చి చక్రాన్ని ఆపేస్తున్నారనే కదా, అసలు చక్రమే లేకుండా చేయాలని రెండేళ్ళు కష్టపడ్డాం! పైగా ఆ తిరిగిన లెక్క కింద కంపెనీ తరఫున సంతకం పెట్టాల్సింది నేనే. పెడతానా? ఏమో...

ఇంటికొచ్చి పాలపొడి డబ్బా మూత గుండ్రంగా కత్తిరించి, అంచున నల్లగీత గీసి చిన్న మోటారుకి బిగించి, ఇంటికి తెచ్చుకున్న మా మీటర్‌లో అమర్చాను. ఏమీ కొలవకుండా భలే తిరిగింది.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇన్నాళ్ళకి అచ్చం మీటర్‌లా ఉందే!" అంది.